మాతృభాష గడి

గోవిందరాజును చంపింది గొంతులో గడ్డ కాదట, తమ్ముడి కూతురు ఫోనుకు రాసి పంపిన మంత్రమట. ఆయన ఎదురింటి పెరుమాయి వెల్లిచందై ఊరి కుళాయి దగ్గర అలా అన్నదని మోనిషా వచ్చి అక్క వినోదినితో చెప్పింది. చుట్టలు చుట్టుకున్న అక్షరాలట, పెరుమాయి తన కళ్ళతో చూసిందట.

మోనిషా నవ్వుతూనే చెప్పింది. వినోదినికి నవ్వు రాలేదు. ఆ అక్షరాలు ఆమె పంపినవే.

వినోదినిది తమిళనాడులోని ధర్మపురిలో ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్ పని. వాళ్ళు ఊళ్ళల్లో క్యాంపు పెట్టి పొగాకు నమిలేవాళ్ళకు నోరూ గొంతూ పరీక్ష చేస్తారు. అనుమానం తేలినవాళ్ళ ఫోనుకు కబురు దానంతటదే పోతుంది, తేలకపోతే ఏమీ రాదు. కబురు ఏ భాషలో పోవాలో తేల్చే ఫార్ములా రాసింది వినోదినే. జాబితాలోని మాతృభాష గడిలో తెలుగు అని ఉంటే తెలుగు, కన్నడం అని ఉంటే కన్నడం, రెండూ కాకపోతే తమిళం. అది పైనుంచి చూసుకుంటూ వచ్చి, సరిపోయిన మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. కింద ఏముందో చూడదు.

తెలుగును పైన పెట్టింది ప్రేమకొద్దీ. ఇంట్లో తరతరాలుగా మాట్లాడడమేగాని ఆ అక్షరం ముఖం ఎరిగినవాళ్ళు లేరు. కాలేజీ రోజుల్లో తనంతట తానే దిద్దుకుని నేర్చుకుంది. "మన అచ్చరాలు నీ ఫోన్లో వచ్చేట్టు చేస్తా చూడు పెద్దనాయనా" అని గొప్పలు కూడా పోయింది.

ఉగాది ముందురోజు గోవిందరాజు ఫోను చేశాడు.

"నువ్వు పంపింది వచ్చిండాది పాపా. మన అచ్చరాలే కదా?"

పొద్దున తాను అందరికీ తెలుగులో రాసి పంపిన పండగ బొమ్మ సంగతి అనుకుంది వినోదిని. "అవును పెద్దనాయనా. బాగుండాదా?"

"ముగ్గు మాదిరి ఉండాది. టీకొట్టులో అందరికీ చూపిచ్చినా. ఆ ముత్తుగాడు, ఏమప్పా జిలేబీ అంగడి పెట్టినావా అన్నాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. జలుబేమో అనుకుంది.

నాలుగు నెలలకు, ఆడి నెలలో, నీళ్ళు కూడా మింగలేని స్థితిలో ఆయన్ను ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు డాక్టరు కసిరాడు, క్యాంపులో చూసి మార్చిలోనే కబురు పంపాం కదా, ఎందుకు రాలేదని. వినోదిని జాబితా తెరిచింది. గోవిందరాజు, వెల్లిచందై. పంపిన భాష, తెలుగు. ఆ షరతును ఆ పూటే కొట్టేసింది. తెలుగు కబురు పోయిన మిగతా పదకొండుమందికీ తానే ఫోను చేసి నోటితో చెప్పింది. పెద్దనాయన ఇంకో ఇరవై రోజులు బతికాడు.

మోనిషా ఆ మాట మోసుకొచ్చిన మరునాడు వినోదిని వెల్లిచందై పోయింది. గోవిందరాజు భార్య సౌభాగ్యం, కొడుకు భూపతి వాకిట్లో కూర్చుని టమోటాలు ఏరుతున్నారు.

"పెద్దమ్మా, ఆ కబురు పండగది కాదు. ఆస్పత్రిది. బిన్నా, ఆలస్యం లేకుండా రమ్మని ఉండాది దాంట్లో."

సౌభాగ్యం చేయి ఆగింది. "పాప మనకని రాసింది, చెరపొద్దు అని వీణ్ణి తిట్టినాడే ఆయన."

"మన భాష కదా అని పెట్టినాను పెద్దమ్మా."

భూపతి కుళ్ళిన టమోటా ఒకటి ఏరి పక్కన పెట్టాడు.

"అరవంలో పంపింటే నేనే చదివుందునే" అంది సౌభాగ్యం.