నేను వచ్చేదాకా కదలకు

ఆ సాయంత్రం మా మనవరాలు చిట్టి స్కూలు గేటు పక్కనున్న సిమెంటు బెంచీ మీద వానలో గంటా నలభై నిమిషాలు కూర్చుంది. బెంచీకి పైకప్పు లేదు. పదడుగుల దూరంలో వరండా ఉంది. టీచరమ్మ లోపలికి రమ్మంది. మా బిల్డింగులో మొదటి అంతస్తులో బట్టలు కుట్టే టైలరమ్మ తన కూతురి కోసం వచ్చి, గొడుగులో ఇంటికి తీసుకెళ్తానంది. చెయ్యి పట్టుకుని లేపబోతే చిట్టి కేకలు పెట్టిందట. తాతయ్య వచ్చేదాకా కదలకూడదని ఒకటే మాట.

నేను బస్సులో ఇరుక్కుపోయాను. రోడ్డుకు అడ్డంగా చెట్టు పడింది. స్కూలుకు ఫోన్ చేసి, పిల్లను ఎవరితోనూ పంపొద్దు, నేనే వస్తున్నాను అని గట్టిగా చెప్పాను. ఆఫీసులో ఉన్న మా అమ్మాయికి మాత్రం చెప్పలేదు. నేనుండగా తననెందుకు కంగారు పెట్టడం అనుకున్నాను. దిగి నడిచి వచ్చేసరికి వాచ్‌మన్ తన గొడుగు చిట్టి నెత్తిన పట్టి, తను తడుస్తూ నిలబడి ఉన్నాడు. ఆ మనిషికి దణ్ణం పెట్టాలి. నేను ఆయన వైపు చూడనైనా చూడలేదు. చిట్టి తల తుడుస్తూ, "శభాష్, కదల్లేదు" అన్నాను.

నాలుగు రోజులు పిల్ల జ్వరంతో మూలిగింది. అయిదోరోజు పొద్దున జ్వరం దిగాక, మా అమ్మాయి ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి.

"నాన్నా, నెలాఖరుకి మేం వేరే ఇంటికి వెళ్ళిపోతాం. ఇల్లు చూసేశాను" అంది. "ఈలోగా నువ్వు ఎవరితోనైనా మాట్లాడు. అలాంటివి చూసేవాళ్ళుంటారు, ఇంట్లో కూర్చుని ఫోన్లోనే మాట్లాడొచ్చు. నేను చెబితే నీకు ఎక్కదు. నువ్వు మాట్లాడకపోతే చిట్టిని నీ దగ్గరికి పంపను. సెలవులకి కూడా."

మా అల్లుడు ఓడలో ఇంజనీరు. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీదే. మూడేళ్ళ కిందట నా భార్య పోయినప్పుడు, నేను ఒక్కణ్ణే ఉండలేనని మా అమ్మాయి సొంత కాపురం సర్దేసి పిల్లతో వచ్చి నా ఇంట్లో ఉంది. అంత చేసిన పిల్లకు నేనేం చేశానో కూడా చెప్పాలి. బయల్దేరగానే ఫోన్, చేరగానే ఫోన్, మధ్యాహ్నం తిన్నాక ఫోన్. తను ఎక్కడుందో నా ఫోన్లో చుక్కలా కనబడే ఏర్పాటు. ప్రతి స్విచ్చు కింద చీటీ. తాళాలకు కొక్కేలు, కొక్కేలకు నంబర్లు. తను కట్టేసిన గ్యాసును నేను మళ్ళీ చూడటం, నేను చూసినదాన్ని చిట్టి మళ్ళీ చూడటం. ఒకసారి స్నేహితురాలితో సినిమాకు వెళ్ళి ఫోన్ ఆపేసిందని, హాలుకు వెళ్ళి టార్చిలైటుతో వరస వరసా వెతికాను. ముప్పై అయిదేళ్ళ మనిషి, అంతమంది ముందు తలదించుకుని నా వెనక బయటికి వచ్చింది. ఆ రోజు కూడా నా మీద అరవలేదు.

తను ఆఫీసుకు వెళ్ళాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. వెతకగానే కౌన్సెలర్లుండే ఒక సైటు దొరికింది. నిండా నవ్వుతున్న మొహాలు. ముందు ఒక ఫారం నింపమన్నారు. సహాయం ఎవరికి కావాలి అన్నదానికి రెండు గడులున్నాయి: మీకా, మీ కుటుంబసభ్యులకా. నేను రెండో గడిలో టిక్కు పెట్టాను. మా అమ్మాయి పుట్టినతేదీ, ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, నిద్రవేళలు అన్నీ ఎక్కడా చూడకుండా టకటకా కొట్టేశాను. సమస్య ఏమిటి అన్న చోట, ఒత్తిడి ఎక్కువైంది, తొందరపాటు నిర్ణయాలు తీసుకుంటోంది అని రాశాను. చివరి ప్రశ్న: మీరు ఈ ఫారం నింపుతున్నట్టు వారికి తెలుసా?

చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు ఆ ప్రశ్ననే చూశాను. ఆ ఫారం ఎవరు తయారుచేశారో గానీ, నాలాంటివాళ్ళను చాలామందిని చూసి ఉంటారు. అంతా చెరిపేసి మొదటి గడిలో టిక్కు పెట్టాను.

మొదటాయన కుర్రాడు. వెనక గోడ నిండా కుండీలు. ఏ కాలేజీ, ఎన్నేళ్ళ అనుభవం, ఇంతవరకూ ఎంతమందికి నయం చేశారు, నూటికి ఎంతమంది అని అడిగాను. పాపం అన్నిటికీ ఓపిగ్గా చెప్పాడు. ఆ తర్వాత మొదటి పది నిమిషాల్లో ఏం మాట్లాడుకోవాలో, తర్వాతి పదిలో ఏమిటో నేనే చెప్పాను. అతను నవ్వి, "అయితే ఫీజు నేను మీకివ్వాలేమో అంకుల్" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కట్ చేశాను.

రెండో ఆమె కెమెరా మరీ కిందకు ఉంది. మొహం కంటే ఫ్యానే ఎక్కువ కనబడుతోంది. కింద రెండు పుస్తకాలు పెట్టమన్నాను, పెట్టింది. వెలుతురు సరిపోలేదు, కర్టెన్ తీయమన్నాను, తీసింది. కుర్చీ కాస్త ఎడమకు జరపమన్నాను. జరిపి, "ఇప్పుడు బాగున్నానాండీ?" అంది. గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయి, నెట్ పోతోందని అబద్ధమాడి ఆపేశాను.

వారం గడిచింది. హాల్లోకి అట్టపెట్టెలు వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం చిట్టి తన బొమ్మల పెట్టె సర్దుకుంటోంది. అట్ట మీద జాబితా రాసింది. ఒక్కొక్కటీ లోపల పెట్టి పక్కన టిక్కు పెట్టింది. తర్వాత అన్నీ బయటికి తీసి మళ్ళీ మొదలుపెట్టింది. ముచ్చటగా చూస్తూ కూర్చున్నాను, మూడోసారి తీసేదాకా. నాలుగోసారి బొమ్మ చెప్పు ఒకటి తక్కువైంది. చిట్టి ఏడవలేదు. రెండు చేతులతో తల పట్టుకుని, "నేను సరిగ్గా చూళ్ళేదు, నేను సరిగ్గా చూళ్ళేదు" అంటూ ముందుకీ వెనక్కీ ఊగింది.

ఆ ఊగడం నాది. నా భార్య పోయిన ఏడాది మంచం అంచున కూర్చుని నేను అలాగే ఊగేవాణ్ణి. చిట్టి గుమ్మంలో నిలబడి చూస్తుండేది. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలే అనుకున్నాను.

లోపలికి వెళ్ళి సైటులో మిగిలిన మొహాల్లో ఒకదాన్ని నొక్కాను. ఎవరో కూడా చూడలేదు. దయచేసి రేపటికి వాయిదా వేయకండి, ఈరోజే మాట్లాడండి, నా మనవరాలికి నా జబ్బు అంటుకుంది అని రాశాను. గంటలో జవాబు వచ్చింది. నాలుగున్నరకు మాట్లాడదాం అని.

మా ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడటానికి వీలున్నది వాషింగ్ మెషీన్ పెట్టిన బాల్కనీ ఒక్కటే. మెషీన్ మీద ఫోన్ ఆనించి స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలకు తాడు. "ఆలస్యం నాదేనండీ" అంది, కారణాలు చెప్పకుండా. ఆ ఒక్క మాటకు నా భుజాలు కాస్త కిందికి దిగాయి.

ఈసారి ప్రశ్నల కాగితం తెచ్చుకోలేదు. ఏం చేసేవారని ఆమె అడిగింది. ఆపరేషన్ థియేటర్‌లో టెక్నీషియన్‌గా ముప్పై ఒక్క ఏళ్ళు చేశానన్నాను. పనిముట్ల లెక్క నాది. కత్తెరలు, సూదులు, రక్తం అద్దే గుడ్డలు. కోతకు ముందు ఎన్ని ఉన్నాయో, కుట్లు వేసే ముందు అన్నీ ఉండాలి. ఒక్కటి తగ్గినా మనిషి కడుపులో ఉండిపోయిందని అర్థం. ఆమె కుతూహలంగా వివరాలు అడిగింది. నేనూ ఉత్సాహంగా చెప్పుకుపోయాను. లెక్క ఎప్పుడూ ఇద్దరు చూడాలి. ఒకరు తాకి సంఖ్య పైకి అంటే, రెండోవాళ్ళు తిరిగి అని బోర్డు మీద రాయాలి. ఒక్కరే చూసింది లెక్క కిందికి రాదు.

"తగ్గితే?"

"ఆపేస్తాం. తేడా ఉంది అని పైకి చెప్పాలి. ఎంత పెద్ద డాక్టరైనా చెయ్యి ఆపాల్సిందే. చెప్పినవాణ్ణి ఎవరూ తిట్టకూడదు. అందరూ కలిసి వెతుకుతారు."

ఆమె "ఇంట్లో మీతోపాటు లెక్క చూసేదెవరండీ?" అంది.

నా భార్య చూసేది. పడుకునే ముందు నేను మంచం మీంచే అడిగేవాణ్ణి. గ్యాసు అంటే కట్టాను అనేది. తలుపు అంటే వేశాను అనేది. చివర్లో తనే, "మొగుడు? ఉన్నాడు, ఎక్కడికీ పోడు" అని నవ్వి లైటు తీసేసేది. అంతటితో నాకు నిద్ర పట్టేది. మళ్ళీ లేచి చూసే పని ఉండేది కాదు.

వాషింగ్ మెషీన్ అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. మూడేళ్ళుగా ఎవరితోనూ అనని మాట నోటికి వచ్చింది.

"తేడా ఉందమ్మా" అన్నాను.

ఆ రోజు పదకొండింటికి నా భార్య ఫోన్ చేసింది. దవడ లాగుతోంది, చెయ్యి బరువుగా ఉంది అంది. నాకు తెలుసు అది గుండెపోటని. నువ్వొక్కదానివీ బయల్దేరకు, నేను వచ్చేదాకా కదలకు అన్నాను. వేరేవాళ్ళు ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో, ఏం చేస్తారో అని. నేను దగ్గరుండి చూసుకోవాలి. కానీ థియేటర్‌లో లెక్క కుదరలేదు. గుడ్డ ఒకటి తగ్గింది. వెతికాం. నలభై నిమిషాల తర్వాత ఒక నర్సు చెప్పు అడుగున అంటుకుని కనబడింది. నేను ఇంటికి చేరేసరికి ఫోన్ వచ్చి రెండు గంటలు దాటింది. మధ్యలో టైలరమ్మ పైకి వచ్చి, ఆటో పిలుస్తాను పదండి వదినా అందట. ఆయన వస్తానన్నారు అందట నా భార్య. కుర్చీలో కూర్చునే ఉంది. చెప్పులు కూడా వేసుకుని ఉంది.

నాకు నయమయ్యే మాట ఏదో ఆమె అంటుందని ఎదురుచూశాను. మీ తప్పేం లేదని అంటే నమ్మేవాణ్ణి కాదు. ఆమె అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇది మీ అమ్మాయికి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. గురువారం ఇదే వేళకు మళ్ళీ మాట్లాడదామా అంది. సరేనన్నాను. వేళ మార్చమని అడగలేదు.

బయటికి వచ్చేసరికి మా అమ్మాయి నేల మీద కూర్చుని గిన్నెలు కాగితాల్లో చుడుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, తేడా ఉందమ్మా అనే మొదలుపెట్టాను. తను చుట్టడం ఆపలేదు. చెప్పులు వేసుకుని ఉంది అన్న దగ్గర మాత్రం చేతులు ఆగాయి.

"టైలరమ్మ నాకు పదోరోజునే చెప్పింది నాన్నా" అంది.

గిన్నె పక్కన పెట్టింది.

"తెలిసే వచ్చాను. ఎప్పటికైనా నువ్వే చెబుతావనుకున్నా. మూడేళ్ళు పట్టింది." మళ్ళీ అంది, "నిన్ను ఏమీ అనాలని లేదు. అమ్మ నీ మాట విని కూర్చుంది. చిట్టీ కూర్చుంది. అదే నాకు నిద్రపట్టనివ్వటం లేదు."

అయితే ఉండిపోతావా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. తను నా మొహం చూసి, వెళ్తాం నాన్నా అంది. కొత్త ఇల్లు బస్సులో నాలుగో స్టాపు. శనివారాలు చిట్టిని పంపుతానంది. చుట్టని గిన్నె ఒకటి నా వైపు జరిపింది. ఇద్దరం కలిసి మిగతావి చుట్టాం. ఎన్నో నేను లెక్కపెట్టలేదని చెబితే అబద్ధమే అవుతుంది. పైకి మాత్రం అనలేదు.

వెళ్ళే రోజు పొద్దున చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ రోజు శభాష్ అనడం తాతయ్య తప్పు అని చెప్పాను. నేను ఆలస్యమైతే టీచరమ్మతోనో టైలరమ్మతోనో వెళ్ళిపో అన్నాను.

"మరి నువ్వొచ్చేసరికి నేను లేకపోతే?"

"వెతుక్కుంటూ వస్తాను."

"దొరక్కపోతే?"

"అందరినీ అడుగుతాను. అందరం వెతుకుతాం."

అది బుర్రలో తిప్పి చూసుకుని తల ఊపింది. ఎంతవరకూ నమ్మిందో చెప్పలేను.

పెట్టెలన్నీ దిగాయి. మా అమ్మాయి చేరాక ఫోన్ చెయ్యనని ముందే చెప్పేసింది. సరే అన్నాను. తన ఫోన్ చుక్క నా ఫోన్లోంచి ముందు రోజే తీయించుకున్నాను. ఎలా తీయాలో నాకు రాదు, తనే తీసింది.

అందరూ దిగాక తలుపు వేయబోతుంటే మెట్ల మీద చిన్న అడుగులు వినబడ్డాయి. చిట్టి ఒక్కతే పైకి వచ్చింది, రొప్పుతూ. నీళ్ళసీసా మర్చిపోయిందట. అమ్మ కిందే ఉంది, నేనే వచ్చా అంది. ఆ మూడంతస్తుల మెట్లు అది ఒంటరిగా ఎక్కడం అదే మొదటిసారి. సీసా మెడకు తగిలించుకుని వెనక్కి తిరిగింది.

నా కాలు గడప దాటింది. యాభై నాలుగు మెట్లు. రెండో అంతస్తు మలుపులో రెయిలింగు ఊడి ఉంది. ఎన్నిసార్లు చెప్పినా బాగుచేయలేదు. అడుగులు వింటున్నాను. సరిగ్గా ఆ మలుపు దగ్గర చప్పుడు ఆగిపోయింది. పిలుద్దామని నోరు తెరిచాను.

"తాతయ్యా" అని కింది నుంచి వినబడింది. "నువ్వు రావద్దు. కదలకు. నేను గోడవైపు నుంచి వెళ్తున్నా."

"సరే" అన్నాను. అరిచానో గొణిగానో తెలియదు.

అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. మొదటి అంతస్తులో టైలరమ్మ కుట్టుమిషను ఆగి, ఏదో అడిగి, మళ్ళీ తిరిగింది. కింద ఆటో కదిలిన చప్పుడయింది. గడప దాటిన కాలు అక్కడే ఉంది.