పక్క గుడారం చక్కెర

ఆ ఒక్క రోజు నాన్న కత్తెర ముట్టుకోకూడదన్నది అమ్మ పెట్టిన షరతు. కటింగ్ షాపుకు ఏడాది మొత్తంలో వచ్చే సెలవులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కాస్త సెలవులో కూడా ఇంటికొచ్చిన చుట్టాలను దొరకబుచ్చుకుని కూర్చోబెట్టి జుట్టు కత్తిరించడం నాన్నకు అలవాటు. అందుకే చెరువు ఒడ్డున జరిగే గాలిబుడగల పండగకు వెళ్దామని, ఆ పక్కనే గుడారాలు వేసుకునే మైదానంలో పగలంతా గడిపి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేద్దామని అమ్మే పట్టుబట్టింది.

నాయనమ్మకైతే నెలరోజులుగా అదే ధ్యాస. "మనుషుల్ని మోసే బుడగలట. చూడకుండా పోయానంటే నా ప్రాణం అక్కడే తిరుగుతుంది" అంటూ ఉండేది.

ముత్యం మాత్రం ఏమీ అనలేదు. ఆ ముద్దుపేరు నాయనమ్మ పెట్టిందే. మనవరాలి నోట్లోంచి మాట పడటం ముత్యం రాలినంత అరుదని. పదిహేనేళ్లు నిండినా దుకాణంలో అగ్గిపెట్టె అడగాలంటే, వెనకాల ఇంకొకరు వచ్చి అడిగేదాకా ఆగి, "నాకూ" అనే రకం.

రెండు గంటల బస్సు ప్రయాణం. కడుపులో తిప్పుతుందని నాయనమ్మ పొద్దున ఏమీ తినలేదు, బస్సెక్కేముందు రెండు గుక్కల టీ తప్ప. దిగేసరికి చెరువు దారి పొడవునా ఇసుక వేస్తే రాలనంత జనం. నాన్న సంచి భుజాన వేసుకుని దారి చేస్తుంటే, ఆయన వెనక అమ్మ, అమ్మ కొంగు పట్టుకుని నాయనమ్మ, నాయనమ్మ చెయ్యి పట్టుకుని ముత్యం, రైలు పెట్టెల్లా సాగారు. మైదానం చేరి, అద్దె గుడారం నిలబెట్టేసరికి పది దాటింది. నాన్న ఒక పక్క మేకు కొడితే రెండో పక్క లేచింది.

"తల వంచమంటే వంచడానికి ఇదేమైనా నీ షాపుకొచ్చిన మనిషా" అంది నాయనమ్మ. తర్వాత చాప మీద కూలబడి, "ఇక ఆకలికి ఆగలేను. అన్నం విప్పమ్మా" అంటూ తన చేతిసంచిలోంచి మందు తీసి, పొట్ట మీద ఇన్సులిన్ సూది పొడుచుకుంది. చక్కెర జబ్బు వచ్చిన పదేళ్ల నుంచి సూది తర్వాత తిండి, అంతే లెక్క.

అమ్మ సంచి జిప్పు తీసి అలాగే ఉండిపోయింది. లోపల నాలుగు కత్తెరలు, దువ్వెనలు, మడతపెట్టిన తెల్ల గుడ్డ, నీళ్లు చల్లే సీసా ఉన్నాయి.

ఒకేలాంటి రెండు గోధుమరంగు సంచుల్లో తిండి సంచి ఇంటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్లుగా రోజూ పొద్దున పట్టుకునే సంచినే నాన్న చెయ్యి ఆ రోజూ పట్టుకుంది. నాయనమ్మకు ఒంట్లో చక్కెర పడిపోయి కళ్లు తిరిగితే నోట్లో వేయడానికి అమ్మ జాగ్రత్తగా కట్టిన చక్కెర పొట్లం కూడా ఆ రెండో సంచిలోనే ఉంది.

"ముట్టుకోవద్దంటే ఏకంగా మోసుకొచ్చారా" అంది అమ్మ. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ.

నాన్న చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా పండగ దుకాణాల వైపు పరుగెత్తాడు.

పావుగంటైంది. అరగంటైంది. నాన్న జాడ లేదు. నాయనమ్మ మొదట హాస్యాలాడింది, తర్వాత మాటలు తగ్గించింది. నుదుటి మీద చెమట పట్టింది. ఒళ్లో పెట్టుకున్న చేతులు వణకసాగాయి.

అమ్మ ఆమెను భుజానికి ఆనించుకుంది. "ముత్యం, నేను కదిలితే ఈవిడ పడిపోతుంది. పక్క గుడారానికి వెళ్లి చక్కెర అడుగు. పో."

ముత్యం వెళ్లింది. నాలుగు అడుగులు వేసేలోపు వాక్యాన్ని ఆరుసార్లు కూర్చుకుంది. పక్క గుడారం ముందు ఒక లావుపాటి ఆవిడ, తాపీమేస్త్రీ అయిన తన భర్తను నిలబెట్టి దులిపేస్తోంది. "ఊళ్లో గోడలన్నీ నిటారుగా కడతావు, ఒక్క గుడారం వంకర లేకుండా నిలబెట్టలేవా?" అంటూ మధ్యలో ముత్యాన్ని చూసి, "ఏంటమ్మా? నీళ్లా? కుళాయి అటువైపు" అని చెయ్యి చూపించి మళ్లీ భర్త వైపు తిరిగింది.

ముత్యం తలూపింది. అటువైపు నడిచింది కూడా. కాదని చెప్పడం కంటే కుళాయి దాకా వెళ్లి రావడమే తేలిక అనిపించింది ఆ క్షణాన. పది అడుగులు వేశాక వెనక్కి చూసింది. నాయనమ్మ తల అమ్మ భుజం మీంచి పక్కకు జారుతోంది. అమ్మ ఆ తలను రెండు చేతులా పట్టుకుని ముత్యం వైపే చూస్తోంది.

ఎలా వెనక్కి వచ్చిందో ముత్యానికి తెలియదు.

"నీళ్లు కాదండీ" అంది. గొంతు తనదేనా అన్నంత గట్టిగా వచ్చింది. "మా నాయనమ్మ సూది వేసుకుంది. తిండి ఇంట్లో మర్చిపోయాం. ఆవిడ పడిపోతోంది. చక్కెర కావాలి. తొందరగా ఇవ్వండి."

ఎవరు, ఏమిటి అని మేస్త్రీ భార్య అడగలేదు. పొయ్యి పక్కనున్న డబ్బా ఎత్తుకుని, చెప్పుల్లేకుండానే పరుగు తీసింది. మేస్త్రీ నీళ్ల చెంబుతో వెనకే వచ్చాడు. అమ్మ చిటికెడు చిటికెడు చక్కెర నాయనమ్మ పెదవుల లోపల పెట్టింది, మింగుతోందో లేదో చూస్తూ. మేస్త్రీ భార్య తన చీర చెంగుతో నాయనమ్మ చెమట తుడిచింది, సొంత తల్లికి తుడిచినట్టే. ముత్యం నాయనమ్మ పాదాలు పట్టుకుని కూర్చుంది. అవి చల్లగా ఉన్నాయి.

కాసేపటికి నాయనమ్మ కళ్లు తెరిచి, నాలుకతో పెదవులు తడుపుకుంది. "పదేళ్లయింది ఈ రుచి చూసి" అంది సన్నగా. "ఇంకాస్త పెట్టండి."

మేస్త్రీ భార్య నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఈలోగా సంగతి గుడారం నుంచి గుడారానికి పాకింది. ఎవరో రొట్టె తెచ్చారు, ఎవరో ఉడికించిన గుడ్లు. ఒక ముసలాయన అరటిపండు ఒలిచి చేతికే ఇచ్చాడు.

నాన్న వచ్చేసరికి ముప్పావుగంట దాటింది. జనంలో నలిగి, చొక్కా గుండీ ఊడి, చేతిలో పిండిముద్దలా అయిపోయిన ఒక్క బన్నుతో వచ్చాడు. ఐదారు గిన్నెల మధ్య కూర్చుని తింటున్న తల్లిని చూసి ఉన్నచోటే ఆగిపోయాడు.

"అందరూ ఉన్నారు, నా కొడుకు ఒక్కడే లేడని చూస్తున్నా. రారా, తిను" అంది నాయనమ్మ.

షాపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు మూయని మనిషి, అందరి వైపూ తిరిగి చేతులు జోడించాడు.

"మాకెందుకయ్యా దండాలు. అడిగింది ఈ పిల్ల. అడగకపోతే మాకేం తెలుస్తుంది?" అంది మేస్త్రీ భార్య.

నాన్న ముత్యం తల మీద చెయ్యి వేసి కాసేపు తియ్యలేదు. తర్వాత అమ్మ వైపు చూశాడు. అమ్మకు అర్థమైంది. గోధుమరంగు సంచి తనే తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"రండి మేస్త్రీగారూ, కూర్చోండి" అన్నాడు నాన్న, తెల్ల గుడ్డ దులుపుతూ.

"అబ్బే, పండగపూట మీకెందుకు శ్రమ..."

"కూర్చో" అంది భార్య. "కనీసం నీ తలైనా వంకర లేకుండా ఉంటుంది."

మేస్త్రీ తర్వాత ముసలాయన, ఆయన తర్వాత రొట్టె ఇచ్చిన వాళ్ల పిల్లలిద్దరు. అమ్మ నీళ్లు చల్లింది. ముత్యం రాలిన జుట్టు పోగుచేసింది. మధ్యలో "కాస్త తల వంచండి" అని ముసలాయనతో తనే చెప్పింది. చెప్పాక గానీ చెప్పానని తెలియలేదు.

అప్పుడే జనమంతా గోల చేశారు. మొదటి బుడగ చెరువు మీంచి లేచి, గాలి ఇటు తిరగడంతో గుడారాల మీదుగానే వచ్చింది. నాన్న కత్తెర ఆపాడు. అందరి తలలూ పైకి లేచాయి. బుట్టలో మనుషులు చెయ్యి ఊపుతుంటే, నాయనమ్మ కూడా చేతిలో రొట్టెముక్కతోనే చెయ్యెత్తి ఊపింది.

ముత్యం బుడగను చూడలేదు. ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. అది వణకడం లేదు.