అంగిలి దాటిన గొట్టం

నేను ఒక ఎండోస్కోపుని. బారెడు పొడుగు, చిటికెన వేలంత లావు. కొసన ఒక దీపం, దాని పక్కనే ఒక కన్ను. నోట్లోంచి దిగి, కడుపులో ఏముందో చూసి, పైన టీవీలో చూపించడం నా ఉద్యోగం. ఇప్పుడు రబ్బరు ఒళ్లు చిట్లిపోయి, ఒక నర్సింగ్ కాలేజీలో ప్లాస్టిక్ బొమ్మ నోట్లోకి దూరుతూ పిల్లలకు పాఠం చెబుతున్నాను. చెప్పవలసిన అసలు పాఠం మాత్రం వాళ్ల పుస్తకంలో లేదు.

పుట్టింది జపాన్‌లో. తెల్లటోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి నా కంటిని అమర్చారు. స్పాంజి పరుపు మీద పడుకుని సముద్రాలు దాటి, శ్రీకాకుళం జిల్లాలో తీరానికి దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో దిగాను. అక్కడి జనం నాకు పెట్టిన పేరు గొట్టం. "రేపు గొట్టం ఏత్తారట" అని చెప్పుకుని వణికేవారు. ఎవణ్ణయినా లెక్కచెయ్యనప్పుడు 'వాడో గొట్టంగాడు' అనడం కూడా ఇక్కడే విన్నాను. చెవులు ఎక్కడివని అడక్కండి, ఆత్మకథ చెప్పుకునేవాడికి అన్నీ ఉంటాయి. ఆ తిట్టు నాకు సరిగ్గా సరిపోతుందని తెలియడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లూ నా పొగరు ఇంతా అంతా కాదు. లోగుట్టు పెరుమాళ్లకెరుక అంటారు, కడుపులోగుట్టు మాత్రం నాకే ఎరుక అనుకునేవాణ్ణి. ఉపవాసమని చెప్పినవాడు మింగిన ఇడ్లీ నేను చూశాను. నన్ను వాడిన మొదటి డాక్టరు రిటైరయ్యాడు, రెండో ఆయన బదిలీ అయ్యాడు. మూడో ఆయన ప్రణీత్. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినవాడు, మంచివాడు, నాలాగే తెలివైనవాణ్ణని నమ్మకం ఉన్నవాడు.

ఆయన దగ్గరికి సూరాడ పోలమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఒడ్డున వల లాగి, చేపలు తట్టలో పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. కూతురు మంగ చెయ్యి పట్టుకుని నడిపించింది.

"కూడు తిని, సెయ్యి కడుక్కుని ఓ అరగంట కూకున్నానో నేదో, ఎవులో పేగులట్టుకుని మెలేసినట్టుంతాది బావూ. తినకపోతే ఏటీ నేదు" అంది పోలమ్మ.

"అందుకని తిండే మానేసింది బాబూ. సేప ముక్క పెడితే పిల్లికేసేత్తాది. తినకపోతే సత్తావే అమ్మా అని నానంతే, తింతే సత్తానే అంతాది" అంది మంగ.

నలభై ఎనిమిది కిలోల మనిషి నలభైకి దిగింది. డాక్టరు కాగితం మీదున్న ప్రశ్నలు వరసగా అడిగాడు. "సిగరెట్, బీడీ అలవాటుందా?"

"సీ, ఆడదాన్ని బావూ" అంది పోలమ్మ. ఆయన 'లేదు' అని రాశాడు.

నేను దిగాను. కడుపు పైభాగంలో నాలుగు పుళ్లు, చుట్టూ కడిగిన బియ్యంలా పాలిపోయిన చర్మం. దొంగ దొరికాడని ఎంత మురిసిపోయానో. చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపితే క్యాన్సరు లేదని, పుండు పుట్టించే క్రిమీ లేదని తేలింది. పులుపు తగ్గించే మాత్రలు ఇచ్చారు. రెండు నెలల తర్వాత మళ్లీ దిగితే పుళ్లు అక్కడే ఉన్నాయి, మనిషి ముప్ఫై ఏడుకి దిగింది. మాత్రలు పెంచారు. మూడోసారి వచ్చేసరికి ముప్ఫై నాలుగు. ఇంకో రెండు నెలలు ఇలాగే పోతే తూచడానికి మనిషి మిగలదని అక్కడందరికీ తెలుసు. నేను మాత్రం అవే పుళ్లను నాలుగు కోణాల్లో చూపిస్తూ నా పనితనం చాటుకుంటున్నాను.

డాక్టరు నిట్టూర్చి నన్ను పైకి లాగుతున్నాడు. పళ్ల మధ్య నాకోసం రింగు బిగించే సిస్టర్ సలోమి టీవీ వంక చూసింది.

"డాక్టర్‌గారూ, నోట్లో ఒక్క నిమిషం ఆపండి."

ఆగాను. టీవీలో పోలమ్మ అంగిలి కనిపించింది. తెల్లగా మొద్దుబారి, దాని నిండా ఎర్రటి చుక్కలు.

"మా నాయనమ్మ అంగిలి అచ్చం ఇలాగే ఉండేదండి" అంది సలోమి. రింగు తీసి, పోలమ్మ ముఖం తుడిచి అడిగింది. "అత్తా, అడ్డపొగ పీలుస్తావా?"

"పీల్సకపోతే ఎలాగమ్మా? పదమూడో ఏటి నుంచీ. రోజుకి నాలుగైదు సుట్టలు."

"పొగ అలవాటు లేదన్నావు కదమ్మా?" అన్నాడు ప్రణీత్.

"నువ్వు సిగరెట్టు, బీడీ అడిగినావు బావూ. సుట్ట అడగనేదు."

సలోమి ఆయనకు విడమరిచి చెప్పింది. ఆ తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసను నోట్లోనే పెట్టుకుంటారు, అడ్డపొగ అంటే అదే. సముద్రపు గాలికి ఆరదు, వల లాగే చేతులకు అడ్డం రాదు. వక్కపొడిలాగే అదీ ఒకటి, దాన్ని దురలవాటని ఎవరూ అనుకోరు.

ప్రణీత్ కాగితం మీద 'లేదు' కొట్టేసి 'చుట్ట' అని రాశాడు. తర్వాత స్టెతస్కోపు పోలమ్మ పొట్ట మీద పెట్టి విన్నాడు. సన్నగా హోరు. "తప్పు నాది" అన్నాడు. "జబ్బు కడుపులో లేదు, కడుపుకి రక్తం తెచ్చే గొట్టాల్లో ఉంది. యాభై ఏళ్ల పొగకి కాలవలో పూడిక పడ్డట్టు పూడిపోయుంటాయి. తిన్నప్పుడు కడుపుకి ఎక్కువ రక్తం కావాలి, అది అందక ఏడుస్తోంది. పుళ్లు మానకపోవడమూ అందుకే."

ఆయన తన తప్పు ఒప్పుకున్నాడు. నా తప్పో? లోపలికి మూడుసార్లు, బయటికి మూడుసార్లు దీపం పట్టుకుని ఆ అంగిలి కిందనుంచే పోయాను. అది మన శాఖ కాదని చూడలేదు. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది.

విశాఖపట్నంలో రంగుమందు ఎక్కించి స్కాన్ తీస్తే, మూడు రక్తనాళాల్లో రెండు దాదాపు మూసుకుపోయి కనిపించాయట. ఒక సన్నని తీగ పంపి వాటిని తెరిచి, జల్లెడలాంటి చిన్న స్ప్రింగులు పెట్టారు. ఆ ఘనకార్యం జరుగుతున్నప్పుడు నేను అద్దాల బీరువాలో తలకిందులుగా వేలాడుతున్నాను.

ఆరు వారాలకి నాలుగోసారి దిగాను. పుళ్లు మానాయి, చర్మం గులాబీ రంగుకు తిరిగింది. కానీ తూకం మాత్రం ముప్ఫై నాలుగున్నర.

"గంజే బాబూ. మూడు గరిటెలు తాగి మూతి తిప్పేసుకుంతాది" అంది మంగ.

"నొప్పి ఉందా?" అన్నాడు ప్రణీత్.

"నొప్పి నేదు బావూ. బయం ఉంది. సుట్ట ఒగ్గేసినాను, కూడు ఒగ్గేసినాను, ఇంకేటి ఒగ్గమంతావు?"

ఆయన తిట్టలేదు. నాకోసం మందు కొట్టి మొద్దుబార్చిన గొంతు తేరుకునేదాకా ఆగి, మంగ తెచ్చిన క్యారేజీ విప్పించాడు. "ఇక్కడే తిను. నొప్పి వస్తే నేనున్నాను" అని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బయట రోగులు గొణుక్కున్నా లేవలేదు.

నన్ను అప్పుడే కడిగి బీరువాలో వేలాడదీశారు. ఆమె కడుపు నాలుగుసార్లు చూశాను గానీ ముఖం తీరిగ్గా చూడటం అదే మొదలు. చేపల పులుసు కలుపుకుని, గోడ గడియారం వంక చూస్తూ అయిదారు ముద్దలు తింది. చెయ్యి కడుక్కుని పొట్ట పట్టుకుని కూర్చుంది. పావుగంట గడిచింది. అరగంట అయ్యేసరికి కళ్లు గట్టిగా మూసుకుంది. సలోమి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. లోపల ఏం జరుగుతోందో చెప్పడం నావల్ల కాలేదు. అక్కడున్న వాళ్లందరిలాగే నేనూ ఆ ముఖం వంకే చూస్తూ భయపడ్డాను.

ముప్పావుగంటకి పోలమ్మ కళ్లు తెరిచింది. పొట్ట మీంచి చెయ్యి తీసి, క్యారేజీ గిన్నెలోకి తొంగి చూసింది.

"మంగా, ఆ తలకాయ ముక్క ఎవులికి దాసినావే? ఇటెయ్యి."