సాంబారు మీద సూరి ఆర్ట్స్

ఒకప్పుడు గాజువాక నుంచి దువ్వాడ దాకా ఏ షాపు బోర్డు చూసినా మూలన ‘సూరి ఆర్ట్స్’ అని ఉండేది. ఆ సూరన్నని నేనే. ఐదో తరగతిలో బడి మానేసి కుంచె పట్టాను. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, జనానికి అవే నచ్చాయి. రెండువేల ఆరు నాటికి నా పేరు ఒకే ఒక్క బోర్డు మీద మిగిలింది. ఆటోనగర్‌లో కృష్ణంరాజు మెస్సు ముందున్న మెనూ బోర్డు. రోజూ పొద్దున్న ఆ పూట కూరలు రాస్తే మధ్యాహ్నం భోజనం ఊరికే పెట్టేవాడు.

బాధల్లా సాంబారుతోనే. గిన్నెలో పోస్తే అడుగున చెక్కించిన కృష్ణంరాజు భార్య పేరు ఒత్తులతో సహా చదువుకోవచ్చు.

సీతమ్మధారలో ఏదో హోటల్లో చూశాడట, కృష్ణంరాజు గోడకి ఒక నల్ల బోర్డు వేలాడదీశాడు. పైన ‘మీ అభిప్రాయం రాయండి, పేరు అక్కర్లేదు’ అని ఉంది. ఆ ముక్క కూడా నాచేత రాయించలేదు, ఫ్లెక్సీ తెచ్చాడు. వారం గడిచినా దాని మీద ‘బాగుంది’ అన్న ఒక్క మాటే ఉంది. అదీ కృష్ణంరాజు దస్తూరీయే.

నా పక్కన కూర్చుని తినే లేతు మిషను యోహాన్ నన్ను ఎగదోశాడు.

“రాయి బావ. పేరెట్టకు. నిన్నెవడు పట్టుకుంటాడు?”

తెలిస్తే మెనూ బోర్డు పోతుందన్నాను. తిండి పోతుందనుకున్నాడు వాడు. తిండి ఇంకోచోట దొరుకుతుంది. నా పేరు ఇంకోచోట లేదు. కానీ నలభై మంది రోజూ ఆ నీళ్లే తాగుతున్నారు, ఎవడో ఒకడు చెప్పాలి కదా.

మర్నాడు ఆరింటికి, మెస్సు తెరవకముందే వెళ్లాను. చాక్‌పీసు ముట్టుకుంటే బడి గుర్తొస్తుంది, అందుకని నా కుంచె, నా రంగు పట్టుకెళ్లాను. దస్తూరీ దొరక్కుండా ఎడం చేత్తో మొదలెట్టాను. ‘సాంబారులో మునక్కాడ ముక్క సోమవారం నుంచి ఒక్కటే తిరుగుతోంది. జాలరిపేట నుంచి వల తెప్పిస్తే గాని దొరకదు. పప్పు వేయగలరు.’

అక్షరాలు తాగినవాళ్లలా ఒరిగాయి. చూస్తూ ఊరుకోలేక కుడిచేత్తో నిలబెట్టాను. నిలబెట్టాక బోసిగా అనిపించి అక్షరాల పక్కన ఎర్రరంగుతో నీడ వేశాను. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, చాలాకాలానికి మంచి పని చేశానని టీకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నానికి బోర్డు ముందు గుంపు. యోహాన్ నన్ను శవాన్ని చూసినట్టు చూశాడు. అప్పుడు కనబడింది నాకు కుడిపక్క కింద మూల. ‘సూరి ఆర్ట్స్’. ముప్పయ్యేళ్ల అలవాటు, చెయ్యి దాని పని అది చేసేసింది. దాని కింద మా పక్కింటి నూకాలు ఫోన్ నంబరు. నాకు ఫోన్ లేక బోర్డుల మీద ఎప్పుడూ ఆవిడ నంబరే వేసేవాణ్ణి. ఆవిడకి అప్పటికే నలుగురు ఫోన్ చేసి సాంబారు సంగతి అడిగారట.

కృష్ణంరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పేరొద్దని ఎట్టినాను కదా బావ. నంబరు కూడా ఎందుకురా?”

మెనూకి కూడా ఫ్లెక్సీ తెస్తావా అని అడిగాను.

“రోజూ మారే కూరలకి ఫ్లెక్సీ ఏటి? నువ్వే రాయి. తిను. పప్పు కూడా ఏత్తాను.” అని, కిరసనాయిలు డబ్బా, గుడ్డపేలిక నా చేతిలో పెట్టాడు. “పేరు లేకుండా ఉండాలని నీకు సరదా కదా. మెనూ బోర్డు మీద కూడా తుడిసీ.”

తుడిచాను. ‘సూరి’ వెంటనే పోయింది. ‘ఆర్ట్స్’ కాసేపు మొండికేసింది.

మర్నాటి నుంచి సాంబారు చిక్కబడింది. గిన్నె అడుగున పేరు కనబడటం మానేసింది. జనం మాట వినే మనిషని నలభై మందీ కృష్ణంరాజుని మెచ్చుకున్నారు. మెనూ ఎవరు రాస్తున్నారని ఒక్కడూ అడగలేదు.

సోమవారం ఆరింటికి మళ్లీ నల్ల బోర్డు దగ్గరికెళ్లాను. ‘మెనూ బోర్డు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. రాసినవాళ్ల పేరు కింద వేయిస్తే బాగుంటుంది. ఇట్లు, ఒక కస్టమరు.’ మొత్తం ఎడం చేత్తోనే రాశాను. ఒరిగితే ఒరిగాయని వదిలేశాను. మూలన ఏమీ లేదని మూడుసార్లు చూసుకున్నాను.

నీడ మాత్రం వెయ్యకుండా ఉండలేకపోయాను.