బిడ్డ అడిగిన చప్పిడి కూడు

ఆరో నెల నడుస్తున్న మసీనాకు ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేశాక కుడి డొక్కలో నొప్పి మొదలయ్యేది. దానికి ఊరు ఊరంతా కారణాలు కనిపెట్టింది. గుమ్మంలో నిలబడిందని ఒకరు, సందెవేళ జుట్టు విరబోసుకుందని ఇంకొకరు. ప్రార్థనలో ధ్యాస లేకపోవడం వల్లేనని పాస్టరుగారు తేల్చేశారు. దీవి రాజధాని అపియా ఆస్పత్రిలో డాక్టరమ్మ మాత్రం స్కానింగ్ చేసి, పిత్తాశయంలో రాళ్లున్నాయంది. ఆ మాట ఎవరికీ నచ్చలేదు.

"కాన్పయ్యేదాకా కొవ్వు ముట్టొద్దు. కొబ్బరిపాలు, మటను, టర్కీ కోడి తోకలు, ఏవీ వద్దు," అని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. "నొప్పితో పాటు జ్వరం వస్తే వెంటనే వచ్చెయ్. అప్పుడు కోసి తీయాల్సి రావచ్చు, బిడ్డ నెలలు నిండకుండానే పుట్టినా పుట్టొచ్చు."

అత్తగారు సినీవా మహిళా సంఘానికి అధ్యక్షురాలు. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి, పొట్లం కట్టి, వేడిరాళ్ల మీద ఆమె కాల్చే పలూసామిని పాస్టరుగారు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకుంటారు. ఆమె చీటీ చదివి, మడిచి, భద్రంగా బైబిల్లో పెట్టింది. అంటే ఇక దాన్ని ఎవరూ తియ్యరన్నమాట.

"డొక్కనొప్పి నాకు లేదూ? ఇరవయ్యేళ్ల కిందట చర్చికి సిమెంటు బస్తాలు మోసినప్పుడు పట్టింది. ఆదివారం భోజనం చేశానా, ప్రాణం పోతుంది. నేనేమన్నా రాళ్లూ రప్పలూ అన్నానా? తిను తల్లీ, బిడ్డకు బలం."

"అత్తమ్మా, డాక్టరమ్మ..."

"ఆవిడ ఎంతమందిని కందట?"

"ఇంకా పెళ్లే కాలేదు."

"మరి!"

మసీనా తింది. ఆ మధ్యాహ్నం నొప్పి డొక్కలో లేచి కుడి భుజం దాకా పాకింది. చాప మీద మోకాళ్లూ చేతులూ ఆనించి, చెమటలు కక్కుతూ, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని జ్వరం ఉందా లేదా అని చూసుకుంది. జ్వరం లేదు. కానీ కడుపులో బిడ్డ గురించి ఆమెకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు పక్కింటి గర్భిణి కాలం కాని కాలంలో పనసకాయ అడిగితే, మొగుడు పడవెక్కి పక్క దీవికి పోయి తెచ్చాడు. డాక్టరు చీటీకి దిక్కు లేకపోవచ్చు గానీ గర్భిణి కోరికకు ఊళ్లో ఎదురులేదు.

మరుసటి ఆదివారం పొట్లాలు విప్పుతుండగా మసీనా కళ్లు మూసుకుంది. "అత్తమ్మా, బిడ్డ అడుగుతోంది."

అందరి చేతులూ ఆగిపోయాయి. "ఏమడుగుతోందే?"

"ఉడికించిన పచ్చి అరటికాయ. నీళ్లల్లో ఉడికిన చేప. కొబ్బరిపాలు చుక్క కూడా తగలకూడదట."

సినీవా గుండె పట్టుకుంది. "ఇదేం బిడ్డమ్మా! మా వైపు ఇలాంటివాళ్లు లేరే!" అంటూనే మసీనా మొగుణ్ణి, తన కొడుకు తవీటాను తరిమింది. అతను వల పట్టుకుని పరిగెత్తాడు.

చిక్కల్లా ఒక్కటే. ఊరి ఆచారం ప్రకారం గర్భిణి ఒంటరిగా తినకూడదు, పక్కన ఎవరో ఒకరు అదే తినాలి. తవీటా రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు మేనమామ ఇంట్లో పనుందని జారుకున్నాడు. మరుదులు అతని వెనకే. ఊరికి నీతులు చెప్పే అధ్యక్షురాలు ఎక్కడికి పోతుంది? మూడు నెలలు సినీవా కోడలి పక్కన కూర్చుని, వేపాకు నములుతున్నట్టు మొహం పెట్టి అరటికాయ తింది.

మసీనాకు నొప్పి మళ్లీ రాలేదు. సిమెంటు బస్తాల ఊసు కూడా ఇంట్లో వినపడలేదు.

నెలలు నిండి, బొద్దుగా ఆడపిల్ల పుట్టింది. రాళ్ల ఆపరేషన్‌కు వచ్చే నెల రమ్మంది డాక్టరమ్మ. ఇంటికొచ్చిన రోజున ఊరంతా పలూసామి పొట్లాలతో దిగింది. పాస్టరుగారు అన్నిటికన్నా పెద్ద పొట్లం తీసి స్వయంగా సినీవా ముందు పెట్టారు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కుడి డొక్క మీదికి పోయింది.

కోడలి చెవి దగ్గరికి వంగింది. "అమ్మాయ్, పాప ఇంకా అరటికాయే అడుగుతోందని చెప్పవే. నీకు పుణ్యముంటుంది."

మసీనాకు నవ్వూ, జాలీ ఒక్కసారే వచ్చాయి. ఒళ్లో గాఢంగా నిద్రపోతున్న పిల్ల వైపు చెవి వంచి, అందరికీ వినపడేలా అంది.

"అడుగుతోంది అత్తమ్మా. అరటికాయ తర్వాతట. ముందు నానమ్మను స్కానింగ్‌కు తీసుకెళ్లమంటోంది."