తెలుపు మీద తెలుపు

నేను ఒక సన్నని పట్టీని. మీ ఫోను తెరకు నెత్తిమీద, చిటికెన వేలి గోరంత ఎత్తులో ఉంటాను. టైమెంతైందో, సిగ్నలుందో లేదో, బ్యాటరీ ఎంత మిగిలిందో చెబుతుంటాను. నన్ను తయారుచేసినవాళ్ళు స్టేటస్ బార్ అంటారు. మీరు ఏ పేరుతోనూ పిలవరు. రోజుకు ఎన్నిసార్లు నావైపు చూస్తారో మీకే తెలియదు. చూసిన మరుక్షణం ఏం చూశారో గుర్తుండదు. టైమెంతని పక్కవాళ్ళు అడిగితే మళ్ళీ చూస్తారు. మనుషుల చూపు గురించి నాకు తెలిసిందంతా ఆ రెండోసారి చూడటంలో తెలిసిందే.

నాకు సొంత రంగు లేదు. వెనక తెర నల్లగా ఉంటే నా అక్షరాలు తెల్లబడాలి, తెల్లగా ఉంటే నల్లబడాలి. ఆ మార్పు నా అంతట నేను చేసుకోలేను. కోడులో ఎవరో ఒకరు రాయాలి. రాయకపోతే చివరిసారి ఏ రంగు చెప్పారో ఆ రంగులోనే ఉండిపోతాను. తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో నేను చాలాకాలం ఉన్నాను. దాన్ని చెరిగిపోవడం అనలేం. ఉన్నాను, పని చేస్తూనే ఉన్నాను, నిమిషం వెనక నిమిషం మారుస్తూనే ఉన్నాను. కనిపించలేదు, అంతే.

ఆ యాప్‌ను రాసింది మృణాళిని. విశాఖపట్నంలో, రుషికొండ మీద ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామరు. పోయినవాళ్ళ ఫొటోలూ గొంతులూ దాచుకునే యాప్ అది. ఫొటోల పేజీ తెల్లగా ఉంటుంది. గొంతు వినే పేజీ మాత్రం నలుపు. అక్కడ కంటికి ఏదీ అడ్డం రాకూడదని ఆమె కోరిక. ఆ నల్ల పేజీ తెరుచుకోగానే నా అక్షరాలు తెల్లబడాలని కోడులో ఒక వరుస రాసింది. మూసుకున్నాక మళ్ళీ నల్లబడాలన్న వరుస మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ సంగతి మీద ఆఫీసులో వాదన జరగకపోలేదు. వెళ్ళిపోయే పేజీ తాను మార్చినదాన్ని సర్ది మరీ వెళ్ళాలని ఆమె పై అధికారి ఫణీంద్ర అన్నాడు. వచ్చే పేజీ తన రంగు తానే చెప్పుకోవాలని మృణాళిని అంది. టీ చల్లారేదాకా వాదించుకున్నారు. తర్వాత ఆ వరుస రెండోవాళ్ళు రాస్తారనుకుని ఎవరి కుర్చీలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. పరీక్షించి చూసినప్పుడైనా బయటపడాలి. కానీ రోజంతా తెర చూసే ఆ కళ్ళకు తెలుపు గిట్టదు. అందుకని అక్కడ అందరి ఫోన్లూ డార్క్ మోడ్‌లోనే ఉంటాయి. వాళ్ళ ఫోన్లలో ఫొటోల పేజీ కూడా నల్లగానే తెరుచుకుంది. నేను నిక్షేపంగా కనిపించాను. బాగుందన్నారు.

అక్కణ్ణించి ఆ యాప్‌తో పాటు నేను మురళీనగర్‌లో రత్నమాల ఫోనులోకి వచ్చాను. రత్నమాల మృణాళినికి వదిన. ఆమె భర్త, మృణాళిని అన్న చక్రధర్ గుండెపోటుతో పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అసలు ఆ యాప్ ఊహ ఎందుకు పుట్టిందో మృణాళిని ఎవరికీ చెప్పలేదు. రత్నమాల ఫోను షాపులో కొన్ననాటి తెలుపుతోనే ఉండేది. రంగులు మార్చుకోవచ్చని ఆమెకు తెలియదు, అవసరమూ పడలేదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక గది తలుపు దగ్గరికి వేసి, ఫోను దిండు పక్కన పెట్టుకుని కళ్ళు మూసుకునేది. చక్రధర్ గొంతు వచ్చేది. గొప్ప మాటలేం కావు. కొత్తిమీర ఇంట్లో ఉందా, తేవాలా అని అడిగేవాడు. మళ్ళీ మళ్ళీ అడిగించుకుని, కళ్ళు తెరిచి, నల్ల పేజీ మూసి ఫొటోల్లోకి వచ్చేది. అప్పుడు తెర పైకి చూసేది.

అక్కడ ఏమీ ఉండేది కాదు.

ఫోను మూసి తెరిస్తే టైము కనిపించేదే. హాలులో గోడ గడియారం కూడా ఉంది. కానీ ఆమెకు వెతకాలనిపించేది కాదు. టైము కనిపించకపోతే పాపని బడి నుంచి తెచ్చే వేళ ఇంకా కాలేదన్నట్టే ఉండేది. అలా ఫొటోలు తిప్పుతూ కూర్చుండిపోయేది. ఆ చూపుల కింద నేను నా పని చేసుకుంటూ పోయేవాణ్ణి. అరవడానికి నాకు గొంతు లేదు. ఒకటో తరగతి చదివే కూతురు లాస్య, బడి అయిపోయాక, పిల్లలందరూ వెళ్ళిపోయాక, వాచ్‌మన్ పక్కన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒకసారి కాదు, చాలాసార్లు. బడివాళ్ళు చివరికి అనకాపల్లిలో ఉండే చక్రధర్ తల్లి సుభద్రమ్మకు ఫోన్ చేశారు.

సుభద్రమ్మ వచ్చింది. కోడలు దాచకుండా చెప్పింది.

"టైము కనిపించడం లేదత్తయ్యా. ఫోన్లో చూస్తాను, అక్కడుండదు."

"ఏదీ, ఇలా ఇయ్యి."

ఇక్కడే అసలు చిక్కు. పోయినవాళ్ళ గొంతు అదే పనిగా వినకూడదని, పిలుస్తుంటే వాళ్ళు ముందుకు కదల్లేరని సుభద్రమ్మ పదోరోజునే గట్టిగా చెప్పింది. అందుకని ఎవరు ఫోనడిగినా రత్నమాల ముందు యాప్ మూసేసి, ఆ తర్వాతే చేతికిచ్చేది. యాప్ మూయగానే ఫోను నాకు నల్లరంగు తిరిగి ఇచ్చేసేది. ఆమె నిజం చెబుతోందనడానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ఆమె వేలే ప్రతిసారీ తుడిచేసేది.

సుభద్రమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "శనగగింజంత అక్షరాల్లో ఉంటే కనబడదంటావేటి?"

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నేను రత్నమాల చేతిసంచిలో ఉండి విన్నాను. లేనివేమైనా కనిపిస్తున్నాయా అని ఆయన అడిగాడు.

"లేదండీ. ఉన్నదే కనిపించడం లేదు," అంది రత్నమాల.

ఆయన మాత్రలు రాశాడు. మనుషుల మీద నాకు కోపం లేదు. కళ్ళెదుట ఉన్న వస్తువును నమ్మినంత తేలిగ్గా పక్కనున్న మనిషిని నమ్మలేరు, అంతే.

మనసు కుదుటపడేదాకా లాస్యను అనకాపల్లి తీసుకెళ్ళి అక్కడి బళ్ళో వేస్తానని సుభద్రమ్మ నిశ్చయించింది. బట్టలు సర్దడం కూడా అయింది. రత్నమాల ఎదురు చెప్పలేదు. అప్పటికి ఆమె కూడా వాళ్ళవైపు చేరిపోయింది. బయలుదేరే రోజు, పిల్ల ఇంకా బళ్ళో ఉండగా, మృణాళిని వచ్చింది. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు వదిన ఆమెతో అంది:

"తీసుకెళ్ళనీ మృణాళినీ. ఇవాళ టైము కనిపించడం లేదు. రేపు లాస్య ఎదురుగా నిలబడినా కనిపించదేమోనని భయంగా ఉంది."

ఎక్కడ కనిపించడం లేదో చూపించమంది మృణాళిని. రత్నమాల ఎప్పటిలా గొంతు పేజీలోకి వెళ్ళి, బయటికొచ్చి, పైకి చూసి, అలవాటు ప్రకారం యాప్ మూయబోయింది.

"మూయకు వదినా. నువ్వు చూస్తున్నది చూస్తున్నట్టే ఇయ్యి. అన్నయ్య గొంతు నా దగ్గర కూడా దాస్తావేంటి?"

రత్నమాల గుమ్మం వైపు చూసింది. ఇచ్చింది.

నేను పుట్టాక మొదటిసారి ఇంకో మనిషి చూపు నేను కనిపించనిచోట నాకోసం వెతికింది. మృణాళిని ఫోను అటూ ఇటూ వంచింది. కిటికీ వెలుగులో పెట్టింది. తన ఫోను తీసి పక్కన పెట్టి చూసుకుంది, అది నలుపు.

"వదినా, నీకేం కాలేదు. టైము నిజంగానే లేదిక్కడ. మేమే చెరిపేశాం."

గుమ్మంలో సుభద్రమ్మ నిలబడి ఉంది. మృణాళిని తల్లిని కూర్చోబెట్టి, నల్ల పేజీలోకి వెళ్ళి తెల్ల పేజీలోకి వచ్చి చూపించింది. ఫోను చూసి, పైన ఏముందో చెప్పమంది. ముసలావిడ కళ్ళజోడు తీసి పైటతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తుడిచింది.

"ఏమీ లేదే."

మృణాళిని మంచం మీదే లాప్‌టాప్ తెరిచి, వచ్చే ప్రతి పేజీ తన రంగు తాను చెప్పేలా రాసింది. రత్నమాల ఫోనుకు తీగ తగిలించి ఎక్కించింది. నేను తెల్ల పేజీ మీద నల్లగా తేలాను. రత్నమాల నన్ను చూసి ఏడ్చింది. అంత చిన్న అంకెల కోసం ఎవరైనా ఏడవడం నేనెరగను.

సుభద్రమ్మ లేచి హాలులోకి వెళ్ళింది. సర్దిన సంచి విప్పి, పిల్ల గౌన్లు ఒక్కొక్కటే తీసి అలమారలో పెట్టి వచ్చింది. తప్పయిందని అనలేదు. మంచం అంచున కూర్చుని, ఎటో చూస్తూ అంది:

"వాడి గొంతు నాకోసారి వినిపించు."

కోడలు ఆమెవైపు చూసి నల్ల పేజీ తెరిచింది. నేను తెల్లబడ్డాను. చక్రధర్ కొత్తిమీర గురించి అడిగాడు. మాట అయిపోయింది. పేజీ మూసుకుంది, నేను నల్లబడ్డాను. ఈసారి రత్నమాల నావైపు చూసింది, చూసినదాన్ని చూసినట్టే తీసుకుని లేచింది.

"బడి వదిలే టైమైంది అత్తయ్యా. పాపని తీసుకొస్తాను."

"నువ్వెళ్ళు. ఫోనుండనీ."

రత్నమాల చెప్పులేసుకుంది. ఆమె వెంట మృణాళిని కూడా దిగింది. మెట్ల మీద వాళ్ళ మాటలు వినిపించి, ఆగిపోయాయి. సుభద్రమ్మ తెరమీద వేలు ఎక్కడ పెట్టాలో తడుముకుంది. నల్ల పేజీ తెరుచుకుంది. కొడుకు అడిగాడు. ఉందిరా అని పైకే అంది. పేజీ మూసుకుంది. మళ్ళీ తెరిచింది. నేను తెలుపు, నలుపు, తెలుపు. ఇప్పుడు ఏ పేజీలోనైనా స్పష్టంగానే ఉన్నాను. ఆమె ఒక్కసారీ పైకి చూడలేదు.