హల్లా మెడకు ఎర్ర పట్టీ

థాయ్‌లాండ్‌లో మా ప్రాన్‌బురి ఊరి వాళ్ళకున్న పెద్ద జబ్బు మొహమాటం. చక్కెర జబ్బుకైతే ఆస్పత్రిలో మందిస్తారు, దీనికి మందు లేదు. నాకు మాత్రం అది అంటలేదు. అందుకే ఈ లమ్యాయ్‌ని వీధిలో గయ్యాళి అంటారు. అననివ్వండి. తెల్లారకముందే పంది ఎముకలు పొయ్యి మీదకెక్కించి, సాయంత్రం దాకా నూడుల్స్ అమ్ముకునేదాన్ని, అందరి మనసులకీ నచ్చేట్టు మాట్లాడుతూ కూర్చుంటే నా చారు మాడిపోతుంది.

నా బండికి ఎదురుగా, రోడ్డుకి అవతల, ప్రనోమ్ అక్క ఐస్ డిపో ఉంది. సముద్రం ఒడ్డు హోటళ్ళకీ, చేపల పడవలకీ ఐస్ అక్కడినుంచే వెళ్తుంది. మొగుడు పోయాక అక్క ఒక్కతే దాన్ని నడుపుకొస్తోంది. ఎవరినీ నొప్పించడం రాదు. ఐస్ కరిగిపోయాక వచ్చి బస్తా సగమే ఉందని పోట్లాడేవాడికి కూడా ఇంకో బస్తా ఇచ్చి, ఎండలో వచ్చావు బాబూ అని నీళ్ళు కూడా ఇస్తుంది.

ఆ డిపోకి ఒక మధ్యాహ్నం హల్లా వచ్చింది.

హల్లా అంటే తౌనో గారి కుక్క. తౌనో గారు ఫిన్లాండ్‌లో రైళ్ళు నడిపి రిటైరైన మనిషి. ముసలితనంలో వెచ్చటి ఊళ్ళో బతకాలన్నది ఆయన భార్య కోరికట. ఇక్కడ ఇల్లు మాట్లాడుకున్నాక ఆవిడ పోయింది. ఇల్లు మిగిలింది, కుక్క మిగిలింది, ఈయన మిగిలాడు. ఆ కుక్కేమో మంచు దేశంలో జింకల మందలు కాసే జాతి. ఒంటినిండా నల్లటి జూలు, దాని మీద ఇంకో జూలు. మా ఎండల్లో దాన్ని చూస్తే, ఏప్రిల్ నెలలో రగ్గు కప్పుకుని తిరిగే మనిషిని చూసినట్టు మనకే చెమట పట్టేది.

మొదటిరోజు తౌనో గారు దాన్ని తీసుకుని రోడ్డు మీద వెళ్తుంటే, డిపో ముందుకొచ్చేసరికి అది ఆగిపోయింది. ఐస్ గది తలుపు కింద నుంచి చల్లగాలి వస్తోంది. కుక్క వెళ్ళి తడి గోనెసంచుల మీద పడుకుంది. ఈయన గొలుసు లాగాడు, అది లేవలేదు. బతిమాలాడు, కళ్ళు మూసుకుంది.

"ఉండనివ్వండి, పాపం దానికి ఉక్కపోస్తోంది" అంది అక్క.

"మీకు ఇబ్బంది అండి" అన్నాడాయన. ఆయన థాయ్ పుస్తకంలో నేర్చుకున్నది. ప్రతి ముక్క చివరా 'అండి' ఉండాల్సిందే. కాలికి ముల్లు గుచ్చుకున్నా "అబ్బా అండి" అంటాడేమోనని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆ తర్వాత రోజూ అదే వరస. భోజనాలవగానే ఆయన గేటు తీసేవాడు. హల్లా ఒక్కతే మలుపు తిరిగి, ఉద్యోగానికొచ్చినట్టు డిపోకి వచ్చి పడుకునేది. చివరి ఐస్ లారీ వెళ్ళిపోయాక, నెత్తిన టోపీతో, కాస్త కుంటుకుంటూ ఆయన దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చేవాడు. వచ్చి వెంటనే వెళ్ళేవాడా? లేదు. అక్క గోంగూర పువ్వుల షర్బత్ ఇచ్చేది. బల్ల మీద ఈ చివర ఆయన, ఆ చివర ఆమె, మధ్యలో కింద కుక్క.

"ఇవాళ వేడి" అనేది అక్క.

"వేడి అండి" అనేవాడు ఆయన.

అంతే సంభాషణ. చీకటి పడేవరకు అలా కూర్చునేవాళ్ళు. ఆయనకి ఊళ్ళో ఇంకో మనిషి లేడు. అక్కకి ఉన్నారు కానీ అందరూ ఐస్ కోసం వచ్చేవాళ్ళే. నేను ఇటు నుంచి గిన్నెలు కడుగుతూ చూసి, వీళ్ళిద్దరికంటే ఆ కుక్కే నయం, అప్పుడప్పుడూ ఆవలిస్తుంది అనుకునేదాన్ని.

ఎండలు ముదిరాక వీధుల్లోకి కుక్కల బండి వస్తోందని కబురొచ్చింది. మెడలో పట్టీ లేని కుక్కల్ని ఎత్తుకుపోతున్నారట. ఉక్కకి కురుపులు లేస్తున్నాయని తౌనో గారు హల్లా మెడపట్టీ ఎప్పుడో తీసేశాడు. ప్రనోమ్ అక్కకి భయం వేసింది. బజారుకెళ్ళి ఒక ఎర్ర పట్టీ, మెత్తటి గుడ్డది, తెచ్చి కట్టింది. ఇందులో విశేషం ఏముంది? మా వీధిలో నేను కట్టిన పట్టీలతో మూడు కుక్కలు తిరుగుతుంటాయి. వాటిలో ఒక్కటీ నాది కాదు. ఒకటైతే నన్ను చూస్తేనే పళ్ళు బయటపెడుతుంది.

ఆ సాయంత్రం తౌనో గారు వచ్చి పట్టీ చూశాడు. వంగి, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగుంది అండి" అన్నాడు.

"నచ్చిందా? ఎరుపు దానికి బాగా నప్పింది" అంది అక్క, చిన్నపిల్లలా మురిసిపోతూ.

షర్బత్ సగం తాగి, ఆయన ఆరోజు త్వరగా లేచాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చేతిలో సంచి. అందులోంచి కుక్క తినే గిన్నె, దువ్వెన, దుప్పటి, పిడుదుల మందు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. నేను అప్పుడు ఐస్ కోసం అక్కడే నిలబడి ఉన్నాను.

"హల్లాకి ఇక్కడ చల్లగా ఉంది అండి. ఇక్కడ సుఖం. మీరు ఉంచుకోండి" అన్నాడు. ఈ ముక్కలు ఇంటి దగ్గర వల్లించుకుని వచ్చినట్టున్నాడు, ఎక్కడా తడబడలేదు.

అక్క మొహం చూడాలి. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. "అలాగేనండి" అంది.

ఆయన కుక్క తల మీద చెయ్యి వేసి, వాళ్ళ భాషలో ఒక్క మాట చెప్పి కదిలాడు. కుక్క లేవబోతే మళ్ళీ అదే మాట గట్టిగా అన్నాడు. అది కూర్చుండిపోయింది.

"అదేంటక్కా, కుక్క కావాలని నువ్వు అడిగావా?" అన్నాను.

"నేనెందుకు అడుగుతానే? పాపం ఓపిక లేక వదిలించుకుంటున్నాడు. సాకలేనివాళ్ళు గుడికి తీసుకెళ్ళి భిక్షువుల దగ్గర వదిలిపెట్టరూ? ఆయనకి గుడి సంగతి తెలీదు, నా దగ్గర వదిలాడు. వద్దంటే ఎంత సిగ్గుపడతాడు!"

మొహమాటానికి పోతే కడుపొచ్చిందట ఒకామెకి. మా అక్కకి కుక్కొచ్చింది.

ఆ తర్వాత చూడాలి డిపోలో వ్యవహారం. పగలంతా హల్లా గోనెల మీద బాగానే పడుకునేది. చివరి లారీ వెళ్ళగానే లేచి, మలుపు వైపు మొహం పెట్టి నిలబడేది. అక్క చేప కలిపిన అన్నం పెడితే వాసన చూసి వదిలేసేది. చీకటి పడ్డాక కూడా అలాగే నిలబడి ఉంటే, అక్క దాని పక్కన కూర్చుని "వస్తాడే, వస్తాడు" అని అబద్ధం చెప్పేది. అది ఆ భాషకి చెవి కూడా కదిపేది కాదు. పైగా దాని జూలు ఐస్‌లో కనబడిందని ఒక హోటలావిడ బస్తా వెనక్కి పంపింది. అయినా అక్క ఎవరితోనూ ఏమీ అనలేదు. బల్ల మీద తన చివరనే కూర్చునేది. రెండో చివర ఖాళీ.

తౌనో గారు మా రోడ్డు మీదకి రావడం మానేశాడు. బజారుకి సముద్రం ఒడ్డు దారంట చుట్టూ తిరిగి వెళ్తున్నాడని తెలిసింది. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళుగా ఆ మనిషి ఏం చేస్తున్నాడో చూద్దామని, ఒక గిన్నెలో నూడుల్స్ పోసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను.

గేటు బార్లా తెరిచి ఉంది. లోపల టీవీ ఆడుతోంది, శబ్దం లేదు. ఆయన గబగబా చొక్కా వేసుకుని వచ్చాడు. గడ్డం పెరిగింది. నాకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ వెళ్ళి చల్లనీళ్ళు తెచ్చి, ఇబ్బంది పడ్డారు అండి అని నాలుగుసార్లు అన్నాడు.

"ఇబ్బంది సంగతి తర్వాత పెదనాన్నా. కుక్కని ఎందుకు ఇచ్చేశావు? బరువైందా?"

ఆయన నా వైపు నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు.

"బరువు? కాదు అండి. ఆమె పట్టీ కట్టింది."

"కడితే?"

"మా దేశంలో కుక్కకి పట్టీ కట్టేది దాని మనిషే అండి. ఇంకొకరి కుక్కకి ఎవరూ కట్టరు. ఆమె ఒంటరి. మంచి మనిషి. నోరు తెరిచి అడగలేదు, అందుకని కట్టింది. నాకు అర్థమైంది. హల్లాకి కూడా అక్కడే చల్లగా ఉంది. నేను కాదంటే బాగుండదు కదా అండి."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ రెండిటి మీదా కోపం వచ్చింది. కుక్కల బండి గురించి, నా మూడు కుక్కల గురించి, నన్ను కరవబోయే దాని గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. ఎంత అర్థమైందో తెలియదు కానీ, మొహంలో రంగు దిగిపోవడం మాత్రం కనబడింది.

"అయితే ఆమెకి కుక్క అక్కర్లేదా అండి?"

"అక్కర్లేదు మహానుభావా!"

ఆయన నేను తెచ్చిన గిన్నె మూత సరిచేశాడు. "ఇప్పుడు వెళ్ళి తిరిగి అడిగితే, ఆమె సరిగ్గా చూసుకోలేదని నేను అనుకున్నట్టు ఉంటుంది. ఆమె బాధపడుతుంది."

"అడగందే అమ్మయినా అన్నం పెట్టదు పెదనాన్నా! నీ కుక్కని నువ్వు అడగడానికి కూడా మొహమాటమా? మా వాళ్ళ జబ్బు నీకెక్కడ అంటుకుంది?"

ఆయన మెల్లగా ఇంకో సంగతి చెప్పాడు. "ప్రనోమ్ గారు దానితో థాయ్ మాట్లాడతారు. కుక్కలు త్వరగా నేర్చుకుంటాయి అండి. ఇంక కొన్నాళ్ళకి నా భాష మర్చిపోతుంది." అని చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. నా చేత నోరు మూయించిన మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే.

డిపోకి వచ్చి అక్కకి అంతా చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది. అయినా ఏమందో తెలుసా? "ఇప్పుడు నేనుగా తోలుకెళ్ళి ఇస్తే, ఆడదాని మీద భారం వేశానే అని కుమిలిపోతాడే. ఆయన్నే రానీ."

"ఆయన రాడు. నువ్వు వెళ్ళవు. మధ్యలో ఆ మూగజీవి చస్తుంది" అని గిన్నె విసిరేసి నా బండి దగ్గరికి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత, చివరి లారీ వెళ్ళే వేళకి, నా బండి వెనక ఎవరో కుర్చీ లాక్కున్న చప్పుడైంది. చూస్తే తౌనో గారు. బండి గొడుగు చాటున, చారు కుండకి అవతల, ఆ పొడుగు మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు ముడుచుకుని కూర్చున్నాడు. టోపీ కూడా తీసేశాడు, గుర్తుపడతారని కాబోలు.

"నూడుల్స్ అండి" అన్నాడు గుసగుసగా.

వేసి ఇచ్చాను. చెయ్యి పెట్టలేదు. కుండకీ గొడుగు కర్రకీ మధ్య సందులోంచి రోడ్డవతలికి చూస్తున్నాడు. అక్కడ హల్లా లేచి ఎప్పటిలా మలుపు వైపు తిరిగి నిలబడింది. చిక్కిపోయింది. జూలు ఉండలు కట్టింది. ఆయన దాన్ని చూసి పోదామని వచ్చాడంతే. దొంగచాటుగా తన కుక్కని తను చూసుకోవడానికి వచ్చాడు.

గాలి మా వైపు నుంచే వీస్తోందో ఏమో. హల్లా తల ఇటు తిప్పింది. చెవులు నిలబెట్టింది. తర్వాత రోడ్డు మీదకి దిగింది. పరిగెత్తలేదు, పరిగెత్తే వయసు కాదు దానిది. నడుచుకుంటూ వచ్చింది. మోటారు సైకిళ్ళు కీచుమంటూ ఆగాయి, ఎవడో తిట్టాడు. అక్క "అయ్యో, అయ్యో" అంటూ తడి చేతులతోనే దాని వెనక పరిగెత్తుకొచ్చింది. కుక్క గొడుగు కిందకి దూరి, ఆయన మోకాళ్ళ మధ్య తల పెట్టి నిలబడిపోయింది.

ఆయన లేచి నిలబడబోయి, కుర్చీ తన్నేసి, "క్షమించండి అండి, నేను ఊరికే నూడుల్స్ కోసం" అన్నాడు. అక్క "లేదు లేదు, నేనే చూసుకోలేదు" అంది. "మీరు బాగా చూశారు అండి." "లేదండి, చిక్కిపోయింది." "మీరే ఉంచుకోండి అండి." "మీ ఇష్టమండి."

"అక్కా!" అని నేను గరిటె బల్లకేసి కొట్టాను. చారు తాగుతున్న వాళ్ళందరూ తలెత్తారు.

ప్రనోమ్ అక్క నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది. ఈ వీధిలో ఇన్నేళ్ళలో ఆమె గొంతు ఎత్తగా నేను వినలేదు.

"నాకు కుక్క అక్కర్లేదు" అంది. "ఐస్‌లో వెంట్రుకలు పడుతున్నాయి. అన్నం తినదు, నన్ను చూడదు. కుక్కని తీసుకెళ్ళిపోండి. తీసుకెళ్ళి మధ్యాహ్నం మళ్ళీ పంపండి. దానికోసం సాయంత్రం మీరు రండి. నాకు కావాల్సింది మీరు రావడం."

నలుగురూ విన్నారు. అక్క మొహం చెవుల దాకా ఎర్రబడింది, కానీ అక్కడినుంచి కదల్లేదు.

ఆయన ఏదో అనాలని చూశాడు. థాయ్ మాట దొరకలేదు. నెమ్మదిగా, కుంటి మోకాలు పట్టుకుని, నేల మీద కూర్చుండిపోయాడు. కుక్క మెడ చుట్టూ చేతులు వేసి, దాని చెవిలో ఫిన్నిష్‌లో మొదలుపెట్టాడు. మొదట ఒక మాట, ఆగి ఇంకో మాట. తర్వాత ఆగలేదు. గొంతు పెరిగింది, ఒకచోట నవ్వాడు, ఒకచోట తిట్టినట్టుంది, ఒకచోట దగ్గి మళ్ళీ అందుకున్నాడు. ఇన్నాళ్ళు ఏం వండుకున్నాడో, ఏ దారిన తిరిగాడో, చచ్చిపోయిన భార్య గురించేనో, ఎవరికి తెలుసు? కుక్క మాత్రం ఒక్కో మాటకీ చెవి కదుపుతూ ఆయన మొహంలోకే చూస్తోంది. అక్క నా కుర్చీ ఒకటి లాక్కుని పక్కన కూర్చుంది. నేను పొయ్యి కట్టేశాను. తినేవాళ్ళు కూడా లేవలేదు.

మేమంతా ఆయన మాటలు తక్కువ మనిషి అనుకున్నాం. కాదు. ఆయన మాటలు అర్థమయ్యే ప్రాణి మా ఊళ్ళో అదొక్కటే ఉంది. దాన్ని కూడా ఆయన మర్యాద కోసం ఇచ్చేశాడు.